మూడు దార్ల కాణీ

భయమంటే ఏమిటో నాకు నలభై ఏళ్ళు తెలియదు. బల్లి పడితే, పిల్లి ఎదురైతే, బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మా అత్తగారు భయపడేవారు. ఆవిణ్ణి చూసి నేను నవ్వేదాన్ని. పోయిన భాద్రపదంలో ఆ నవ్వంతా వడ్డీతో సహా కక్కాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఇల్లు అరసవల్లిలో. గుడికి వెళ్ళే ఆటోలన్నీ మా గుమ్మం ముందే హారన్ కొడతాయి. ఇంట్లో మా ఆయన మోహనకృష్ణ, ఏడేళ్ళ మా అమ్మాయి సంహిత, మా అత్తగారు త్రిపురసుందరి, నేను. ఇక నా నాణేల పుస్తకం. బ్రిటిషు కాలం నాటి కంచు నాణేలు పోగుచేయడం నా పిచ్చి. వెండి రూపాయల వెంట పడేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు కాణీలు, దమ్మిడీలు, చిల్లు కాణీలు కావాలి. కూలివాళ్ళ గుప్పిళ్ళలో, సంతల్లో, ఆడవాళ్ళ చెంగు ముళ్ళలో నలిగి వచ్చినవి.

మా అత్తగారు వాటిని చిలుము ముక్కలనేవారు. పెళ్ళైన కొత్తలో నాకేదో మేలు చేద్దామని పదకొండు కాణీల్ని చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి, పళ్ళెంలో తెచ్చి నా ముందు పెట్టారు. పాత నాణేన్ని తోమకూడదు. నూరేళ్ళుగా దాని మీద పట్టిన గోధుమరంగు పొరే దాని ప్రాణం. ఆ పొర పోయిందా, నాణెం పుస్తకంలో పెట్టుకోడానికి పనికిరాదు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. "దేవుడి సామానుకి లేని పట్టింపు వీటికేవిటే?" అన్నారావిడ. ఆ తరవాత ఆవిడ నా పుస్తకం జోలికి రాలేదు, నేను ఆవిడ చింతపండు జోలికి వెళ్ళలేదు.

వినాయక చవితి వెళ్ళిన ఆదివారం, తేలినీలాపురం కొంగల్ని చూపిస్తానని సంహితని బయల్దేరదీశాను. మోహన్ కారు తీశాడు. కొంగలు సాకు. తేలినీలాపురం పక్కనే నౌపడ. అక్కడ దొరల కాలం నించీ ఉప్పుమళ్ళున్నాయి. ఉప్పు మోసిన కూలీల ఇళ్ళలో పాత కంచు దొరకకపోతుందా అని నా ఆశ. అప్పటికి నెల కిందటే ఒక్కదాన్నీ వెళ్ళి రెండు వీధుల్లో ఇంటింటికీ అడిగి వచ్చాను. ఒకళ్ళింట్లో రెండు చిల్లు కాణీలు దొరికాయి. ఇంకొకళ్ళు మజ్జిగ ఇచ్చి పంపించేశారు.

కొంగలింకా పూర్తిగా దిగలేదు. చింతచెట్ల మీద పదో పదిహేనో ఉన్నాయంతే. సంహిత మొహం ముడుచుకుంది. తిరిగి వచ్చేటప్పుడు నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళ పక్కన కారు ఆపించాను. వానాకాలం కదా, మళ్ళనిండా నీళ్ళు. వేసవిలో తీసిన ఉప్పు గుట్టలు తాటాకులు కప్పుకుని గట్టు మీద వరసగా ఉన్నాయి. మూడు దార్లు కలిసేచోట సంహిత ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడెవరో నిమ్మకాయ పడేసుకున్నారు."

మట్టి మూకుడు. అందులో రాళ్ళుప్పు, సగానికి కోసిన నిమ్మకాయ, ఎండు మిరపకాయలు, పసుపు, కుంకుమ. ఎవరికో దిష్టి తీసి వదిలేసిన సరంజామా అది. అందులో రూపాయి బిళ్ళ ఉండటం మామూలే. ముష్టివాడు కూడా దాన్ని ముట్టుకోడు. తీసినవాళ్ళ ఇంటికి ఆ పీడ వెళ్తుందని అందరికీ తెలుసు. కానీ ఆ మూకుట్లో ఉన్నది రూపాయి కాదు. కాణీ.

నేను గొంతుక్కూచున్నాను.

"గౌతమీ, ముట్టుకోకు," అన్నాడు మోహన్.

"ఊరికే చూస్తున్నానండీ."

"చూడటానికి వంగక్కర్లేదు. అది దిష్టి తీసింది."

"కంచుకి దిష్టి అంటదు, చిలుము పడుతుందంతే," అని చేతిరుమాలు అంచుతో దాన్ని తిప్పాను. 1911. నా గుండె ఝల్లుమంది. అప్పుడది భయం కాదు, ఆశ. ఆ ఒక్క ఏడాది నాణేల మీద అయిదో జార్జి రాజు అంగీకి ఉన్న ఏనుగు బొమ్మ పొట్టి తొండంతో పందిలా వచ్చింది. జనం గొడవ చేస్తే మరుసటేడు బొమ్మ మార్చారు. పంది బొమ్మ కాణీ కోసం నేను ఆరేళ్ళుగా వెతుకుతున్నాను. విశాఖపట్నం నాణేల ప్రదర్శనలో అద్దం వెనక ఒక్కసారి చూశాను.

తీసేశాను. మోహన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "పంది ఏదీ, పంది ఏదీ" అని సంహిత చెయ్యి చాపింది. ఆ కాణీని నేనే దాని అరచేతిలో పెట్టాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ తరవాత చాలా రోజులు నా కళ్ళ ముందు ఉన్నది ఆ చిన్న అరచెయ్యే.

"అమ్మకి చెప్పకు," అన్నాడు మోహన్ కారెక్కాక.

అక్షరాల సందుల్లో పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి. తోమడానికి లేదు. ఇలాంటప్పుడు నేను చిన్న స్టీలు గిన్నెలో కొబ్బరినూనె పోసి, నాణెం అందులో వేసి, పదిహేను రోజులు వదిలేస్తాను. మురికి దానంతట అదే ఊడి వస్తుంది. గిన్నె ఫ్రిజ్ మీద పెట్టాను. టెక్కలిలో ఒకాయన దగ్గర కొన్నానని మా అత్తగారికి చెప్పాను. "మళ్ళీ ఓ చిలుము ముక్కా?" అన్నారావిడ పప్పు ఎనుపుతూ.

శనివారం పొద్దున్న సంహిత ఒళ్ళు కాలిపోతూ లేచింది.

వైరల్ అన్నారు. ఊళ్ళో సగం పిల్లలకి ఉంది. సోమవారం రక్తపరీక్ష చేస్తే డెంగీ అని తేలింది. మంగళవారం ఆస్పత్రిలో చేర్చాం. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. బుధవారం అరవై నాలుగు వేలు. డెంగీ ఎలా వస్తుందో నాకు తెలియదా? ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద ఏడిస్ దోమ బొమ్మ వేసి, కాళ్ళ మీద తెల్లచారలు దిద్ది, కుండీల్లో నీళ్ళు నిలవుంచకండర్రా అని చెప్పేదాన్ని. అదంతా నోటికి వచ్చు. కానీ సంహిత సెలైన్ పెట్టిన చేతిని అటూ ఇటూ తిప్పి "అమ్మా, అరచెయ్యి మంట" అన్నప్పుడు నా పాఠం ఎటు పోయిందో తెలియదు. కాణీ పెట్టింది ఆ చేతిలోనే.

గురువారం పొద్దున్న నలభై ఒకటి. డాక్టర్ శైలజ నాకంటే చిన్నది, నెమ్మదైన మనిషి. "ఇరవైకి దిగితే ఎక్కిద్దాం టీచర్‌గారూ. సాధారణంగా అక్కడి నించి లేస్తాయి," అంది. సాధారణంగా అన్న ముక్క ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. సంహిత పళ్ళ చిగుళ్ళ మీద సన్నగా ఎర్రని గీత కనబడింది. మోహన్ చూడకముందే దూదితో తుడిచేశాను. నా చెయ్యి వణుకుతోంటే అది "అమ్మా, నీకూ జొరమా?" అంది.

స్నానం చేసి బట్టలు తెచ్చుకుందామని ఇంటికి వచ్చాను. మా అత్తగారు వంటింట్లో నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో నా స్టీలు గిన్నె ఉంది.

"బొప్పాయాకు రసం తీద్దామని గిన్నె కోసం చూశాను," అన్నారు. "గౌతమీ, ఈ నూనెలో పసుపు తేలుతోందేవిటే?"

నేను గిన్నె అందుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు.

"కుంకుమ కూడా. టెక్కల్లో నాణేలకి బొట్టు పెట్టి అమ్ముతున్నారా?"

చెప్పేశాను. నౌపడ, మూకుడు, నిమ్మకాయ, అన్నీ. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, ఎదురు చెప్పేదాన్ని. ఎదురు చెబితే కాస్త ధైర్యం వచ్చేది. ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని కింద కూచున్నారు.

"పిల్ల ముట్టుకుందా?"

"ముట్టుకుంది."

"దానంతటదే తీసుకుందా, నువ్వు ఇచ్చావా?"

"నేనే ఇచ్చాను అత్తయ్యా."

వీధిలో ఏదో ఆటో ఆగకుండా హారన్ కొడుతోంది.

"పట్టుకెళ్ళి తీసినచోటే పెట్టి రా. ఇంకెక్కడా పారెయ్యకు. నదిలో వేసినా, గోతిలో వేసినా పీడ మనింట్లోనే ఉండిపోతుంది. అక్కడే పెట్టి వెనక్కి చూడకుండా వచ్చెయ్యి. పిల్ల దగ్గర నేనుంటాను."

పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ చెప్పిన ఇలాంటి మాటకి నేను నవ్వకపోవడం అదే మొదటిసారి. కాణీని కాగితంలో చుట్టి పర్సులో వేసుకున్నాను. స్నానం కూడా చెయ్యలేదు.

టెక్కలి బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. నరసన్నపేటలో డ్రైవరు టీకి దిగితే కండక్టరుతో దెబ్బలాడాను. "అమ్మా, తమరు తోలీండి బస్సు," అన్నాడతను. అందరూ నవ్వారు. కోటబొమ్మాళి దగ్గర మోహన్ ఫోను చేశాడు. "ఇరవై తొమ్మిది," అన్నాడు. ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం. ఆ చివర ఆస్పత్రిలో ఎవరో స్ట్రెచర్ తోస్తున్న చప్పుడు వినిపించింది. పర్సు ఒళ్ళో పెట్టుకోడానికి కూడా భయమేసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ ఎవరైనా పిల్లలు తొక్కుతారేమోనని పైకి తీశాను.

మూడు దార్ల దగ్గర ఆటో దిగేసరికి చినుకులు. మూకుడు లేదు. ఎక్కడుండేదో ఆ చోటు నాకు తెలుసు, దాని పక్కనున్న పెద్ద కంకరరాయి గుర్తుంది. పర్సు తెరిచాను. ఎదురుగా ఒక టీ బడ్డీ. కిందటిసారి ఆదివారం కాబట్టి మూసి ఉంది కాబోలు, నేను గమనించలేదు. బడ్డీలోంచి యాభై అయిదేళ్ళ ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏటమ్మా, వానలో అలగ నిలబడిపోనారు? ఇటు రండి, తడిసిపోతారు."

ఆవిడ చూస్తుండగా పెట్టలేను. పక్కకి తిరిగేదాకా ఆగుదామని వెళ్ళి బల్ల మీద కూచున్నాను. టీ పెట్టమన్నాను. బడ్డీ లోపల మూడేళ్ళ పిల్ల గోనెసంచి మీద కూచుని గవ్వలు పేరుస్తోంది. జుట్టు తీయించేసిన గుండు మీద గంధం రాసి ఉంది.

"నా మనవరాలమ్మా, దుర్గ," అందావిడ నా చూపు పట్టుకుని. "నా పేరు తవిటమ్మ. పదేను రోజుల కిందట సూసుంటే ఈ గుంట బతుకుతాదనుకోరు మీరు. మొన్నే మొక్కు తీర్సినాం."

"ఏమైంది?"

"జొరం. పదేను రోజులు. టెక్కలి తిప్పినాం, సిక్కోలు తిప్పినాం. సూదులేసినారు, రగతం తీసినారు. తగ్గినట్టే తగ్గి మల్లా ఒచ్చీది. ఆకర్ని కల్లు తేలేసేసినాది. కోడలు ఏడుపు. దిష్టి తీసి రెండు మాట్లు ఆ మూడు దార్లలో రూపాయి ఏసినాం. ఎవులూ తియ్యలేదు. పడింది పడినట్టే ఉన్నాది."

పాలు పొంగుతోంటే గరిటెతో కలిపింది. నేను పర్సు మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాను.

"అప్పుడు మా ఆడపడుసు సెప్పినాది. ఈ రోజుల్లో రూపాయికి ఎవులు వొంగుతారు వదినా, పాత డబ్బులేసి సూడు, ఆటికైతే వొంగుతారు అని. మా పక్క ఈదిలోకి ఎవులో టీచరమ్మ ఒచ్చి ఇంటింటికీ కాణీలున్నాయేటని అడిగినాదట. అలగటోలు తీత్తారు, తీసుకెల్లిపోతారు అని సెప్పినాది."

అంటే ఆ కాణీ అక్కడ పడి దొరకలేదు. గాలానికి ఎర గుచ్చినట్టు నా కోసమే పెట్టారు.

"మా మావ తాత దొరల కాలంలో ఉప్పు మోసి తెచ్చిన మొదటి కూలంటమ్మా ఆ కాణీ. దేముడి గూట్లో ఉండీది. పండక్కి బొట్టెట్టీదాన్ని. తియ్యడానికి సెయ్యి ఆడలేదు. అయినా తీసి ఏసినాను. ఆ ఆదోరం మద్దేనం సూత్తే కాణీ లేదు. సందేళకి పిల్ల లెగిసి గంజి అడిగినాది."

నాకు కోపం వచ్చింది. భయంతో కలిసిన కోపం. "తీసినవాళ్ళింట్లో కూడా పిల్లలుంటారు కదా. వాళ్ళకేమవుతుందని అనుకోలేదా నువ్వు?"

"అనుకున్నానమ్మా," అంది తవిటమ్మ. నా వంక చూడకుండా గ్లాసులు కడుగుతోంది. "పాపమని తెల్దేటి నాకు. ఒల్లో పిల్ల సల్లబడిపోతంటే ఇంకోల పిల్ల గుర్తుకి రాదమ్మా. ఇప్పుడొస్తంది. రోజూ గుర్తుకొస్తంది."

నేను వచ్చిన పనేమిటి మరి? ఆ కాణీని అక్కడ పెట్టి, వెనక్కి చూడకుండా పోయి, ఎవరో ఒకరు వంగి తీసేదాకా ఎదురుచూడటమే కదా.

"ఇప్పుడు నాకు ఒకటే బయం," అందావిడ మెల్లగా. "తీసుకెల్లినోలు తెలుసుకొని మల్లా తెచ్చి ఇక్కడే ఒగ్గేత్తారేమోనని. పొద్దున్న లెగిసి ముందు ఆ దార్ల కాడికే ఎల్తన్నాను. అక్కడేటీ లేదని సూసుకున్నాకే పొయ్యి ఎలిగిత్తన్నాను."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. మొహం చూసింది, నలిగిన చీర చూసింది, పర్సుని పట్టుకున్న నా వేళ్ళని చూసింది. ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మీరేటి సేత్తారమ్మా?"

"స్కూల్లో టీచర్ని."

తవిటమ్మ గ్లాసు కింద పెట్టింది. వెళ్ళి దుర్గని ఎత్తుకుంది. పిల్ల గవ్వలు కావాలని గింజుకుంటున్నా వదల్లేదు, తలని తన భుజానికేసి అదుముకుంది. ఆవిడ మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. నాలో ఉన్న భయమే అది, అచ్చం అదే.

"పిల్లలున్నారేటమ్మా మీకు?"

"ఒక పాప."

"బాగున్నాదా?"

ఆస్పత్రిలో ఉందని, ఇరవై తొమ్మిదికి దిగాయని, చిగుళ్ళలో రక్తం వస్తోందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడేం చెయ్యగలదు? మనవరాల్ని పట్టుకుని నా ముందు నిలబడి ఉంటుంది, అంతే.

"బాగుంది," అన్నాను.

టీ డబ్బులు తీసుకోలేదు. "ఒద్దమ్మా. ఎల్లి రండి, బస్సెల్లిపోతాది," అంది. నేను చెంగు నెత్తిన వేసుకుని రోడ్డెక్కాక వెనకనించి వినిపించింది. "మీ పాప సల్లగుండాల. మీ ఇల్లు సల్లగుండాల."

కంకరరాయి పక్కనించే నడిచి వెళ్ళాను. పర్సు తెరవలేదు.

తిరుగు బస్సు మడపాం దగ్గర వంశధార దాటుతోంటే కిటికీ పక్కావిడ నీళ్ళలోకి రూపాయి విసిరి దణ్ణం పెట్టుకుంది. నా చెయ్యి కూడా పర్సులోకి పోయింది. నదిలో వేస్తే పీడ ఇంట్లోనే ఉండిపోతుందన్న మా అత్తగారి మాట గుర్తుకొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. జీవశాస్త్రం టీచర్ని, ఎమ్మెస్సీ చదివాను. ఒక కంచు ముక్కని ఎక్కడ పడెయ్యాలో తెలియక బస్సులో అందరి ముందూ ఏడ్చాను. పిల్లకి ఏమైనా అయితే ఆ బడ్డీ ఆవిడ మీద జాలిపడినందుకు నన్ను నేను క్షమించుకోగలనా అని శ్రీకాకుళం వచ్చేదాకా అదొక్కటే ఆలోచన.

ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రం నాలుగు. మా అత్తగారు వార్డు బయట బెంచీ మీద కూచుని ఉన్నారు. లోపల మోహన్, సంహిత పడుకుంది. "ఇరవై నాలుగు," అన్నారావిడ నేను అడక్కుండానే. తరవాత, "పెట్టొచ్చావా?"

అబద్ధం బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. పెట్టేశానండీ అంటే సరిపోయేది. ఆవిడ ధైర్యంగా ఉండేవారు. నోరు తెరిస్తే నిజమే వచ్చింది. బడ్డీ, గుండు చేయించిన పిల్ల, రోజూ పొయ్యి వెలిగించే ముందు దార్లు చూసుకునే ఆవిడ. అంతా చెప్పి, "పెట్టలేకపోయాను అత్తయ్యా," అన్నాను.

ఆవిడ వార్డు తలుపు వంక చూశారు. తరవాత చెయ్యి చాపారు.

"ఏదీ, ఇటియ్యి."

"మీరెందుకు?"

"ఇయ్యవే. ఎవరో ఒకళ్ళ దగ్గర ఉండాలిట కదా అది. నా దగ్గర ఉండనీ."

"వద్దు అత్తయ్యా."

"డెబ్బై మూడు నాకు. మహా అయితే ఏం చేస్తుంది?"

కాగితం నా చేతిలోంచి ఆవిడే తీసుకున్నారు. విప్పి కాణీని చూశారు, అందులో పంది ఎక్కడుందని కూడా అడగలేదు. చెంగున ముడేసి, రొంటిన దోపుకుని, "పద, నువ్వు పొద్దుట్నించి ఏమీ తినలేదు, దధ్యోదనం తెచ్చాను," అన్నారు. నేను తిన్నాను. ఆకలేసింది మరి.

శుక్రవారం పొద్దున్న ఇరవై రెండు. ఆ పూట ఎలా గడిచిందో రాయలేను. సాయంత్రానికి ముప్పై. శనివారం యాభై ఎనిమిది. "చెప్పానుగా టీచర్‌గారూ, ఇంతే ఇది," అంది శైలజ. నాకూ తెలుసు ఇంతేనని. ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేదే. సంహిత లేచి కూచుని, కివీ పళ్ళు వద్దు, చేగోడీలు కావాలంది.

ఇంటికొచ్చిన వారం రోజులకి నాకు రెండో భయం పట్టుకుంది. మా అత్తగారు తుమ్మితే ఉలిక్కిపడతాను. మెట్లు దిగుతుంటే వెనకే వెళ్ళి నిలబడతాను. బీపీ మాత్ర వేసుకున్నారా అని రోజుకి మూడుసార్లు అడుగుతున్నానని ఆవిడకి చిరాకు. "కోడలివా, కాంపౌండరువా?" అన్నారు. రొంటిన ముడి అలాగే ఉంది. స్నానం చేశాక ఉతికిన చీర చెంగుకి మళ్ళీ వేసుకుంటున్నారు.

చివరికి ఒక మధ్యాహ్నం, ఆవిడ పెరట్లో దేవుడి గిన్నెలు తోముకుంటుంటే వెళ్ళి పక్కన కూచున్నాను.

"అత్తయ్యా, ఆ కాణీ ఇచ్చెయ్యండి. నా పుస్తకంలో పెట్టుకుంటాను. ఆరేళ్ళు వెతికాను దాని కోసం."

ఆవిడ నా మొహం చూశారు. నాణెం మీద మోజుతో అడగటం లేదని ఆవిడకి తెలుసు. తడిచేత్తోనే ముడి విప్పి అరచేతిలో పెట్టి చూపించారు. కాణీ బంగారంలా మెరిసిపోతోంది. గోధుమరంగు పొర పూర్తిగా పోయింది. రాజు మొహం, అంగీ, ఆ అంగీ మీది పంది, అన్నీ అరిగి నున్నబడ్డాయి. ఆవిడ గోళ్ళ సందుల్లో చింతపండు పిప్పి ఇంకా ఉంది.

"వారం రోజులు కూచుని తోమాను," అన్నారు. "ఇంక నీకు పనికిరాదు కదే?"

ఆవిడ మళ్ళీ ముడేసుకుని, రొంటిన దోపుకుని, హారతి పళ్ళెం అందుకున్నారు. తోముతూ తోముతూ ఒకసారి దగ్గారు. నేను లేవకుండా అక్కడే కూచున్నాను, ఇంకోసారి దగ్గుతారేమోనని.